పుష్‌పుల్ రైలు కథలో నేను దాచిన సగం

మా బంధువుల్లో నా పెళ్లి కథ వినని వాళ్లు లేరు. తొట్టెల ఫంక్షన్‌కు వెళ్లినా, కొత్తింటి దావత్‌కు వెళ్లినా, తిని చేతులు కడుక్కోగానే ఎవరో ఒకరు నా పక్కకు కుర్చీ లాక్కుని రైలు కథ చెప్పమనేవారు. నేను కాసేపు బెట్టు చేసేవాణ్ని. పిల్లలు కూడా వచ్చి చుట్టూ చేరాక మొదలుపెట్టేవాణ్ని.

కథ ఇది. డిగ్రీ చదివే రోజుల్లో నేను జనగామ నుంచి కాజీపేటకు ప్రతి చిన్న స్టేషన్లోనూ ఆగే పుష్‌పుల్ రైల్లో వెళ్లేవాణ్ని. ఇప్పుడు నా భార్య అయిన అమ్మాయి కూడా అదే రైల్లో, ఆడవాళ్ల పెట్టెలో వెళ్లేది. నేను ఏడాదంతా ఆమె వెంట తిరిగాను. వానలో తడిశాను, ఎండలో మాడాను. ఆమె వద్దంది. తిట్టింది. ఒకసారి చెప్పు కూడా తీసింది. అయినా వదల్లేదు. చివరికి ఒక రోజు ఘనపురం స్టేషన్లో ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి రైలు ఆగినప్పుడు, ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపి నన్ను పిలిచి, సరే అంది. అక్కడ నేను రైలు కూత పెట్టేవాణ్ని. అందరూ చప్పట్లు కొట్టేవారు. మా అవ్వ బతికున్నన్నాళ్లూ, ఆ కూత దగ్గరికి రాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఈ కథలో రైలు నిజం. అమ్మాయి నిజం. మిగతాది చాలావరకు నేను అల్లింది. ఇన్నేళ్లూ అది ఎవరికీ నష్టం చేయని సరదా అనుకున్నాను. నష్టం చేసింది కాబట్టే ఇప్పుడిది రాస్తున్నాను.

నేను రఘునాథపల్లి దగ్గర ఒక ప్రభుత్వ బడిలో జీవశాస్త్రం చెబుతాను. నా భార్య నర్మెట్ట వైపు ఒక బడిలో లెక్కలు చెబుతుంది. ఇల్లు జనగామలో. మా చెల్లెలిది నెల్లికుదురు దగ్గర ఒక పల్లె. బావ పత్తి, మిర్చి పండిస్తాడు. వాళ్ల అబ్బాయి పదో తరగతి పాసయ్యాక ఇంటర్ చదవడానికి జనగామ వచ్చి మా ఇంట్లోనే దిగాడు. మా అమ్మాయి హాస్టల్లో ఉంది, దాని గది ఖాళీగానే ఉంది. ఆ గదిలో అప్పటిదాకా లేని అద్దం ఒకటి గోడకెక్కింది.

వాడు మంచి పిల్లవాడు. చారు ఉంటే చాలు, మూడుసార్లు వడ్డించుకుంటాడు. స్నానాల గదిలో పాటలు పాడతాడు. కాలేజీ మొదలైన కొన్నాళ్లకు తల దువ్వుకోవడం ఎక్కువైంది. దువ్వెన అరిగిపోతుందని నేను ఆటపట్టించాను. వాడు సిగ్గుపడ్డాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ అడిగాడు.

"మామా, అత్త వద్దన్నా నువ్వు ఎందుకు ఆగలే?"

నా కథకు ఇంకో శ్రోత దొరికాడని నాకు ఉషారు వచ్చింది. బట్టల క్లిప్పులు జేబులో వేసుకుంటూ, పెద్ద అనుభవశాలిలా చెప్పాను. "మొదట్ల వద్దనుడు మామూలేరా అల్లుడా. ఓపిక ఉండాలె."

వాడు తలూపాడు. పరీక్షలో వచ్చే ప్రశ్నకు జవాబు దొరికినట్టు తలూపాడు. ఆ తలూపడం నేను చూశాను, చూసి ఇంకా సంతోషించాను. ఇప్పుడు గుర్తొస్తే, ఆ క్లిప్పులు నా నాలుకకు పెట్టుకుని ఉంటే బాగుండేదనిపిస్తుంది.

దసరా సెలవులయ్యాక ఒక సాయంత్రం నా భార్య బడి నుంచి ఆలస్యంగా వచ్చింది. చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్లి ముగ్గురికీ చాయ్ పెట్టింది. నేను హాల్లో జవాబు పత్రాలు దిద్దుతున్నాను. మేనల్లుడు పక్కన పడుకుని ఫోన్ చూస్తున్నాడు. ఆమె గ్లాసులు మా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఇయ్యాల నా పెండ్లి కథ నాకు నర్మెట్టల చెప్పిండ్రు."

నేను నవ్వాను. నా పేరు అంత దూరం పాకిందా అన్నాను. ఆమె నవ్వలేదు. మేనల్లుడు ఫోన్ పక్కన పెట్టి లేచి కూర్చున్నాడు.

జరిగింది ఇది. అంతకుముందు ఏడాది ఆమె దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయి ఒకతె జనగామలో ఇంటర్‌లో చేరింది. రోజూ నర్మెట్ట బస్సులో వచ్చిపోతుంది. ఆ సాయంత్రం బస్సు దిగి, ఇంటికి వెళ్లకుండా బడికి వచ్చి, కొన్నాళ్లు కాలేజీ మానేస్తానని తన లెక్కల మేడంకు చెప్పింది. ఎందుకంటే తరగతిలో ఒక అబ్బాయి వెంట పడుతున్నాడు. ఇష్టమా అని అడిగాడు, లేదని చెప్పింది. మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పింది. అయినా సాయంత్రం బస్టాండ్‌కు వస్తాడు, ఆమె ఎక్కిన బస్సే ఎక్కుతాడు, జనగామ చివర దిగి నడుచుకుంటూ వెనక్కి పోతాడు. చెడ్డ మాట ఏదీ అనడు. నిన్న మాత్రం దగ్గరికి వచ్చి ఒక కథ చెప్పాడట. వాళ్ల మామ ఏడాదంతా పుష్‌పుల్ వెంట తిరిగాడట, వాళ్ల అత్త కూడా మొదట వద్దందట, ఘనపురం స్టేషన్లో ఒప్పుకుందట. అందుకని తను కూడా ఓపిక పడతాడట.

ఆ అమ్మాయి ఇదంతా చెప్పింది, వింటున్న మేడమే ఆ అత్త అని తెలియకుండా.

"చెప్పినవా మరి?" అన్నాను.

"చెప్పిన. గా అత్తను నేనే బిడ్డా, ఘనపురంల నేను ఎవ్వరినీ పిలువలే అన్న. అది ఏడ్చుడు ఆపి నా మొకం జూసింది."

మేనల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. "బస్సుల నన్ను జూసి నవ్వింది అత్తా. నిజంగనే నవ్వింది."

"బస్సు నిండ జనం ఉన్నరు. భయమైనా నవ్వుతరు బిడ్డా. నేను గూడ మీ మామను జూసి నవ్విన, భయంతోని."

ఆ నవ్వు నాకు గుర్తుంది. నా కథలో దానికి ప్రత్యేకంగా ఒక వర్ణన ఉంది. ఇరవై ఐదేళ్లుగా వర్ణిస్తున్నాను. అది భయమని ఆ రోజే తెలిసింది. ఎర్ర పెన్ను మూత పెట్టడం మరిచిపోయి, ఎవరిదో జవాబు పత్రం మీద పెద్ద మరక చేశాను.

అసలు సంగతి ఎవరు చెప్పాలి అని ఆమె నన్ను అడిగింది. తను చెబుతుందా, నేనే చెబుతానా అని. నేనే చెప్పాను. జీవితంలో మొదటిసారి ఆ కథను కూత లేకుండా చెప్పాను.

నేను ఏడాది తిరగలేదు. కొన్ని రోజులు తిరిగాను, అంతే. ఒక ఉదయం కాజీపేటలో రైలు దిగాక, ఆమె తోటి అమ్మాయిలను ముందుకు పంపి, నీళ్ల కుళాయి దగ్గర నా కోసం నిలబడింది. పిలుస్తోందని నేను కాలర్ సర్దుకుంటూ వెళ్లాను. తిట్టలేదు, అరవలేదు. మెల్లగా అంది: "ఇంట్ల తెలిస్తే బంద్ జేసేది నా చదువు, నీది గాదు. జర సోంచాయించు." ఆలోచించుకోమని చెప్పి వెళ్లిపోయింది. ఆ మర్నాటి నుంచి నేను రైలు మానేసి బస్సుకు మారాను. బస్సుకు రైలు కన్నా గంట ఎక్కువ పట్టేది. మొదటి పీరియడ్ పోయేది. ఎందుకని స్నేహితులు అడిగితే రైలు పడటం లేదని చెప్పాను.

"మరి చెప్పు తీసుడు?" అన్నాడు మేనల్లుడు.

"తియ్యలే."

"తియ్యాల్సింది," అంది నా భార్య. వాడు నవ్వబోయి ఆపుకున్నాడు.

మిగతా సగం భూపాలపల్లిలో జరిగింది. ఉద్యోగం వచ్చిన కొత్తలో మా ఇద్దరికీ అటువైపే పోస్టింగ్, వేర్వేరు బళ్లలో. పదో తరగతి పరీక్షల డ్యూటీ ఇద్దరికీ ఒకే చోట పడింది. నేను ఆమెను చూసి స్టాఫ్‌రూమ్ వెనక్కి తప్పుకున్నాను. ఆమే వెతుక్కుంటూ వచ్చింది. నేను పుష్‌పుల్‌లో వచ్చేవాణ్ని కదా అని అడిగింది. ఒప్పుకున్నాను. బొగ్గు గనుల షిఫ్టు దిగిన వాళ్లతో కిటకిటలాడే హోటల్లో ఆ సాయంత్రం చాయ్ తాగాం. చాయ్ డబ్బులు ఎవరిస్తారని గొడవపడ్డాం కూడా. తర్వాత నెలల తరబడి మాట్లాడుకున్నాం. వాళ్ల ఇంట్లో మాట్లాడనా అని నేను ఒక్కసారి అడిగాను. ఆలోచించి చెబుతానంది. నేను ఆ మాట మళ్లీ ఎత్తలేదు. వేసవి సెలవులకు ఊరికి పోయి, తిరిగి వచ్చి, మాట్లాడమని ఆమే చెప్పింది.

"గిది ముందే ఎందుకు చెప్పలే మామా?" అని మేనల్లుడు అడిగాడు.

ఆ రోజు జవాబు పత్రాలు సర్దుకుంటూ మాట దాటేశాను. ఇక్కడ చెబుతాను. అసలు కథలో నేను ఆగిపోయాను. ఆగిపోయిన మగవాణ్ని చూస్తే మా స్నేహితులు నవ్వేవారు. వదలకుండా తిరిగినవాడు హీరో. పెళ్లయ్యాక మొదటిసారి ఎవరో అడిగినప్పుడు, బస్సుకు మారాను అని చెప్పడానికి నామోషీ అనిపించి, ఏడాది తిరిగాను అన్నాను. అది పండింది. తర్వాత వాన కలిపాను, చెప్పు కలిపాను. నా భార్య పక్కనే కూర్చుని వినేది. అబద్ధమని ఒక్కసారి కూడా అనలేదు. ఎందుకు అనలేదని ఆ సాయంత్రం అడిగితే, అవ్వ అంత నవ్వుతుంటే ఆపబుద్ధి కాలేదంది. అవ్వ పోయాకైనా చెప్పాల్సిందని కూడా అంది.

మేనల్లుడు పొద్దున్నే వెళ్లి ఆ అమ్మాయికి సారీ చెబుతానన్నాడు. మళ్లీ పోతే మళ్లీ వెంటపడినట్టేనని నా భార్య చెప్పింది. పోనీ ఫోన్లో పెడతానన్నాడు. అది కూడా వద్దంది. బస్టాండ్‌లో వాడు కనబడకపోతే ఆ పిల్లకు అదే చాలంది. తరగతిలో ఎదురైతే మామూలుగా ఉండాలి, మొహం మాడ్చుకుని తిరగకూడదు, స్నేహితుల దగ్గర ఆమె ఊసెత్తకూడదు. వాడికి ఇందులో అన్నిటికన్నా కష్టమనిపించింది మొహం మాడ్చుకోకపోవడం. రెండు రోజులు అద్దం ముందు మామూలు మొహం సాధన చేశాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. కానీ బస్టాండ్ దగ్గర సోడా బండి పెట్టుకున్నతనిది ఆ అమ్మాయి ఊరే. ఎవరో అబ్బాయి వెంటపడుతున్నాడని ఆమె నాయినకు అప్పటికే చెప్పేశాడు. వారం తిరగకముందే, ఆ అమ్మాయి కాలేజీకి రావడం లేదని మేనల్లుడు అన్నం ముందు కూర్చుని చెప్పాడు. చారు పోసుకోలేదు. నా భార్య ఫోన్ చేసింది. నాయిన బంద్ చేశాడని ఆ అమ్మాయి చెప్పింది. ఇంకో నాలుగు రోజులు ఇలాగే పోతే సంబంధాల మాట మొదలవుతుందని మా ఇద్దరికీ తెలుసు. పిల్ల చదువు ఆగిన ఇంట్లో తర్వాతి మాట అదే.

నేను నా భార్యను వాళ్లింటికి వెళ్లమన్నాను. మేడం మాట వింటారని. ఆమె ఒప్పుకోలేదు.

"నువ్వే పో. కథ నీది."

వాణ్ని వెంట తీసుకుపోవద్దని కూడా చెప్పింది. ఆ పిల్ల ఇంటి ముందు వాణ్ని నిలబెడితే అది ఇంకో తలనొప్పి.

మర్నాడు ఆదివారం. నర్మెట్ట దాటి ఆ ఊరికి వెళ్లేసరికి, ఆ అమ్మాయి నాయిన రోడ్డు మీద మక్కజొన్న గింజలు ఆరబోసి కాళ్లతో కలియబెడుతున్నాడు. ఆయన తల్లి, ఆ పిల్ల అవ్వ, గొడుగు కింద గోనెసంచి మీద కూర్చుని కోళ్లను అదిలిస్తోంది. నేను ఫలానా మేడం భర్తనని చెప్పుకున్నాను. ఆయన మర్యాదగా చెట్టు నీడలోకి రమ్మన్నాడు. నేను ఎండలోనే నిలబడి, మీ అమ్మాయి వెంట పడింది మా మేనల్లుడని చెప్పాను. ఆయన కాళ్లు ఆగాయి. ఏదో అనబోయాడు. ముందు నన్ను పూర్తిగా చెప్పనివ్వమని బతిమాలాను. మా కథ చెప్పాను, నేను అల్లిన అబద్ధం, అసలు జరిగింది, రెండూ. కుళాయి దగ్గర నా భార్య అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు ఇక వెంట రాడని, దానికి పూచీ నాదని చెప్పాను.

ఆయన వంగి పిడికెడు మక్కలు తీసి చూశాడు. తన పిల్ల తప్పు లేదని తనకు తెలుసన్నాడు. ఊరి నోరు మూయలేమన్నాడు. అప్పుడు అవ్వ గొడుగు పక్కకు జరిపి నన్ను అడిగింది.

"గా పిలగాడు కాలేజీకి పోతుండా సారూ?"

"పోతుండవ్వా."

"మరి మన పిల్లను ఎందుకు బంద్ జేసినవ్‌రా కొడుకా? ఎంబడి వచ్చినోడు సదువుకుంటుండు, ఇది గింజల కాడ కోళ్లు గొట్టాల్నా? కోళ్లకు నేనున్న గదా."

నేను ఆ ప్రశ్న అడగడానికి దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఆమె నా పని సగం తగ్గించింది. ఆ అమ్మాయి చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. నాయిన అటు తిరిగి, తనకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"చెప్తే బంద్ జేస్తవని చెప్పలే నాయినా."

ఆయన కాలితో మక్కలు ఒక చోటికి తోశాడు. మళ్లీ పరిచాడు. "రేపటి సంది పో. ఇంకెవడన్న గిట్ల జేస్తే నాకే చెప్పు. నిన్ను బంద్ జెయ్య."

"సారు ముంగట అన్నవు. యాదుంచుకో నాయినా," అని ఆ అమ్మాయి చెంబు నా చేతికిచ్చింది. అప్పుడు నవ్వింది. నవ్వులో తేడా నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది కాబట్టి చెబుతున్నాను, ఈ నవ్వు వేరే.

నేను బండి స్టార్ట్ చేస్తుంటే అవ్వ ఆపింది. ఆమెకు భూపాలపల్లిలో చాయ్ డబ్బులు చివరికి ఎవరిచ్చారో తెలియాలి. నా భార్య ఇచ్చిందని చెప్పాను. ఆమె తృప్తిగా కోళ్ల వైపు తిరిగింది.

ఎండాకాలంలో మా చెల్లెలు తన పిల్లలిద్దరికీ, మేనల్లుడికీ వాడి చెల్లెలికీ, ఫంక్షన్ పెట్టింది. ఆడపిల్లకు చీర కట్టించడం, మగపిల్లవాడికి పంచె కట్టించడం. కార్డు మీద నూతన వస్త్రాలంకరణ మహోత్సవం అని వేయించారు. చీర, పంచె తేవాల్సింది మేనమామ కాబట్టి నాకు హోదా ఎక్కువ. నా భార్య బట్టలతో, పళ్లేలతో మా అమ్మాయిని తీసుకుని కారులో ముందు వెళ్లింది. నేను, మేనల్లుడు బండి మీద బయలుదేరాం.

తొర్రూరు దాటాక దారి పొడవునా గోడల మీద సున్నంతో పెద్ద పెద్ద అక్షరాలు. యువకుల రహస్య సమస్యలకు, నరాల బలహీనతకు మందు, ఫలానా లాడ్జిలో ఫలానా రోజు. వెనక కూర్చున్న మేనల్లుడు నా చెవి దగ్గరికి వంగి, అది నిజమేనా అని అడిగాడు. ఏది అన్నాను. ఇంకో రెండు గోడలు దాటాం. తర్వాత చెప్పాడు. నిద్రలో అప్పుడప్పుడు లుంగీ తడుస్తుందట. కొన్ని నెలలుగా. రక్తం విరిగి పోతోందని, బలం పోయి పెళ్లికి పనికిరాడని స్నేహితులు చెప్పారట. రోజూ పొద్దున్నే లుంగీ తనే ఉతుక్కునేది అందుకట. వాడికి శుభ్రత ఎక్కువని నేను మెచ్చుకుంటూ ఉన్నాను.

నేను మొదట పాఠ్యపుస్తకం భాషలో మొదలుపెట్టాను. గ్రంథులు, హార్మోన్లు అన్నాను. సగంలో నాకే విసుగొచ్చింది. మామూలుగా చెప్పాను. అది ఆ వయసు మగపిల్లల్లో మామూలే, నాకు కూడా అయ్యేది, రక్తం విరగదు, బలం పోదు, మందు అక్కర్లేదు. గోడ మీద రాసినవాడికి కావాల్సింది నీ భయమే అన్నాను. మంట గానీ నొప్పి గానీ ఉంటే దవాఖానకు పోవాలి, లాడ్జికి కాదు.

వాడు వెనక గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత ప్రశ్నలు ఆగలేదు. ఇద్దరం ముందుకే చూస్తున్నాం, ఒకరి మొహం ఒకరికి కనబడదు. అందుకే అడిగాడు, అందుకే చెప్పాను. ఇష్టమని అడగడమే తప్పా అన్నాడు. ఒకసారి అడగడం తప్పు కాదన్నాను. వద్దంటే వద్దు, మౌనంగా ఉన్నా వద్దే, అవునన్నాక మనసు మారితే అది కూడా వద్దే. నీకు కూడా అలాగే, ఇష్టం లేనిదానికి స్నేహితులు పోరు పెట్టారని తలూపనక్కర్లేదు. ఫోన్లో పిల్లలు చూసుకునే వీడియోలు నిజం అనుకోవద్దన్నాను. ఎవరినీ ఫొటోలు అడగొద్దు, ఎవరైనా నిన్ను అడిగినా పంపొద్దు, ఎవరైనా బెదిరిస్తే నాకు చెప్పు, నేను తిట్టను. శరీరం దాకా వెళ్లే సంగతులకు ఇంకా టైముంది, పద్దెనిమిది లోపు చట్టమే ఒప్పుకోదు. ఆ రోజు వచ్చినప్పుడు కండోమ్ గురించి, రోగాల గురించి, గర్భం గురించి ఇద్దరికీ తెలిసి ఉండాలి, ఇద్దరూ సిగ్గుపడకుండా మాట్లాడుకోగలగాలి. మాట్లాడుకోలేకపోతే ఆ రోజు ఇంకా రాలేదన్నమాట.

"మామా, బండి ఆపు," అన్నాడు. ఏమైందోనని ఆపాను. "ఏం లే. చెరుకురసం తాగుదాం."

రసం తాగేటప్పుడు ఎదురెదురుగా నిలబడ్డాం కాబట్టి ఇద్దరం క్రికెట్ గురించి మాట్లాడుకున్నాం.

ఆ దారిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. బడిలో ప్రత్యుత్పత్తి పాఠం నేను ఒక్క పీరియడ్‌లో ముగించేవాణ్ని. డౌట్లున్నాయా అనేవాణ్ని. అందరూ బెంచీలు చూసేవాళ్లు. లేవు అనుకుని చాక్‌పీస్ దులుపుకునేవాణ్ని. ఇప్పుడు బోర్డు వైపు తిరిగి మెల్లగా బొమ్మ వేస్తూ ఉంటాను. వెనక నుంచి ఎవరైనా అడగొచ్చు, నేను తిరిగి చూడనని ముందే మాట ఇస్తాను. మొదటి రోజు చాలాసేపు ఎవరూ అడగలేదు. బొమ్మకు అక్కర్లేని గీతలు గీస్తూ పోయాను. చివరికి ఒక ఆడపిల్ల గొంతు, నెలసరిలో పరుగెత్తితే ఏమైనా అవుతుందా అని అడిగింది. ఏమీ కాదు, ఓపికుంటే పరుగెత్తమన్నాను. ఇప్పుడు ఆ పాఠానికి నాలుగు పీరియడ్లు చాలడం లేదు. నా బొమ్మలు కూడా బాగుపడ్డాయి.

ఫంక్షన్‌లో మేనల్లుడికి నేనే పంచె కట్టాను. కుచ్చిళ్లు నాకు సరిగ్గా రావు. స్టేజీ ఎక్కుతూ వాడు ఒకసారి తొక్కుకుని, బావ పట్టుకోకపోతే ఫ్లెక్సీ మీద పడేవాడు. భోజనాలయ్యాక ఎప్పటిలాగే కుర్చీలు లాగారు. ఈసారి మైకు కూడా ఉంది. రైలు కథ, రైలు కథ అని కేకలు.

మేనల్లుడు స్టేజీ మీద నుంచి నన్నే చూస్తున్నాడు. నేను మొదలుపెట్టాను. కాజీపేట, కుళాయి, ఆమె మాట, బస్సు. ఇప్పటిదాకా చెప్పింది అబద్ధమని చెప్పాను. కూత ఏదని ఒక పిల్ల అడిగింది. బంధువుల్లో ఒక పెద్దాయన పాన్ నములుతూ నిట్టూర్చాడు.

"గిండ్ల మజా ఏముందిరా? ఆపితే కథ యాడికెళ్లి వస్తది?"

నా భార్య లేచి వచ్చి నా చేతిలో మైకు తీసుకుంది. ఇన్నేళ్లలో ఆ కథలో ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి.

"ఈయన బస్సు ఎక్కిన తెల్లారి నేను ప్లాట్‌ఫారం అంతా వెతికిన. యాడ లేడు. రేపు వస్తడేమో అనుకున్న. రేపు గూడ రాలే. గప్పుడు కిటికీ కాడ కూసోని పుస్తకం తీసిన. కాజీపేట దాక చదివిన, తల ఎత్తలే. భూపాలపల్లిల ఈయనను జూసినప్పుడు నాకు యాదికొచ్చింది అదే. వద్దంటే ఆపినోడు. గందుకే పోయి పలకరిచ్చిన. ఆపకుంటే కథ లేదు బాపూ."

పెద్దాయన పాన్ నమలడం ఆపాడు. ఆడవాళ్ల వైపు నుంచి ముందు చప్పట్లు వచ్చాయి. ఆ పుస్తకం సంగతి నాకు కూడా కొత్త. ఏ పుస్తకమని తర్వాత అడిగితే లెక్కల పుస్తకమని, ఇంకేదో ఊహించుకోవద్దని చెప్పింది.

ఆ నర్మెట్ట అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు. లెక్కల్లో సందేహాలుంటే ఇప్పటికీ బస్సు దిగి మేడం దగ్గరికి వెళుతుంది. మేనల్లుడితో ఆమె మాట్లాడదు. అందులో వింతేం లేదన్నట్టు వాడు తిరుగుతున్నాడు. మామూలు మొహం వాడికి ఇప్పుడు సాధన లేకుండానే వస్తోంది. సాయంత్రం బస్టాండ్ దారి తప్పించుకుని, రైల్వే గేటు వైపు నుంచి చుట్టూ తిరిగి ఇంటికి వస్తాడు. ఆలస్యమవుతుంది. ఎందుకని స్నేహితులు అడుగుతారట.

ఏం చెబుతావని అడిగాను.

"ఆపిన అని చెప్తా మామా," అని చారు వడ్డించుకున్నాడు.